హిరోషిమా, నాగసాకి స్మారక సభలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూలై చివరికి వచ్చేసరికి స్కూలు టీచర్లు, కాలేజీ పిల్లలు, విదేశాల్లో ఉండే మనవాళ్ళు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ముందుగా ఒక్క మాట. ఈ సభల్లో పోయినవాళ్ళను తలుచుకోవడం, ఇంకెవరికీ ఈ గతి పట్టకూడదని పాలకులను నిలదీయడం కలిసే జరుగుతాయి. ఒకటి వదిలేసి రెండోదే చేస్తే అది సగం సభే. కింది జవాబులన్నీ ఈ నమ్మకంతో రాసినవే.

ఈ సభలు ఏ రోజు, ఎన్ని గంటలకు జరుగుతాయి?

హిరోషిమాలో ఆగస్టు 6న. ఉదయం 8 గంటలకు సభ మొదలవుతుంది, 8:15కి మౌనం పాటిస్తారు. మన గడియారంలో అది తెల్లవారుజామున 4:45. నాగసాకిలో ఆగస్టు 9న, మౌనం 11:02కి. మనకు ఉదయం 7:32.

అమెరికాలో ఉన్నవాళ్ళు తేదీ విషయంలో తికమక పడుతుంటారు. హిరోషిమా మౌన సమయం మీకు ఆగస్టు 5 సాయంత్రమే వచ్చేస్తుంది: న్యూజెర్సీలో 7:15, డాలస్‌లో 6:15, సియాటిల్‌లో 4:15. నాగసాకిది ఆగస్టు 8 రాత్రి, న్యూజెర్సీలో 10:02కి. రెండు సభలూ లైవ్‌లో చూడొచ్చు.

ఆ రెండు రోజుల్లో ఏం జరిగింది? క్లుప్తంగా చెప్పండి.

1945 ఆగస్టు 6 ఉదయం ఎనోలా గే అనే అమెరికన్ బి-29 విమానం హిరోషిమా మీద యురేనియం బాంబు వేసింది. నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తులో అది పేలింది. ఆ ఉదయం ఒకసారి సైరన్ మోగి, 7:31కి ప్రమాదం తప్పిందని చెప్పేశారు. జనం షెల్టర్లలోంచి బయటికొచ్చి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. వైమానిక దాడుల్లో మంటలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి, పన్నెండు పదమూడేళ్ళ స్కూలు పిల్లల్ని వేల సంఖ్యలో ఊరి నడిబొడ్డుకి తీసుకొచ్చారు. వాళ్ళు ఆరుబయట నిలబడి ఉన్నప్పుడే బాంబు పడింది. మృతుల్లో అంతమంది బడిపిల్లలు ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

మూడు రోజుల తర్వాత బాక్స్‌కార్ అనే విమానం ప్లుటోనియం బాంబుతో కోకురా నగరం మీదికి వెళ్ళింది. కింద పొగ, మబ్బు కమ్మి గురి కనిపించక నాగసాకి వైపు మళ్ళింది. అక్కడ ఉరకామి లోయ మీద బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 74,000 మంది చనిపోయారని అంచనా. వాళ్ళలో చాలామంది ఆ క్షణంలో పోయినవాళ్ళు కారు. ఒంటి మీద గాయమే లేనివాళ్ళు కూడా రెండు మూడు వారాల తర్వాత జుట్టు రాలి, చిగుళ్ళలోంచి రక్తం కారి, జ్వరంతో పోయారు. రేడియేషన్ అన్న మాట అప్పటికి వాళ్ళలో చాలామంది విని ఉండరు.

హిరోషిమా సభ ఎలా సాగుతుంది?

చాలా సాదాగా సాగుతుంది. మొదటిసారి చూసేవాళ్ళు ఇంతేనా అనుకుంటారు కూడా.

శాంతి స్మారక పార్కులో కెంజో తాంగే అనే ఆర్కిటెక్ట్ రూపొందించిన కమాను లాంటి స్మారకం ఉంది. 1952 ఆగస్టు 6న ఆవిష్కరించారు. పోయినవారి ఆత్మలకు ఎండావానల నుంచి నీడగా ఉండాలని పాతకాలపు ఇంటి కప్పు ఆకారంలో కట్టారు. దాని ఎదురుగా నిలబడి చూస్తే కమాను సందులోంచి ఆరని జ్యోతి, ఆ వెనక అణుబాంబు గోపురం ఒకే గీతలో కనిపిస్తాయి. 1964లో వెలిగించిన ఆ జ్యోతిని ప్రపంచంలో చివరి అణ్వాయుధం పోయేదాకా ఆర్పకూడదని నిర్ణయించారు. గోపురం అంటున్నది 1915లో చెక్ ఆర్కిటెక్ట్ యాన్ లెట్జెల్ కట్టిన పారిశ్రామిక ప్రదర్శనశాల తాలూకు మొండి గోడలు. 1996 నుంచి అది ప్రపంచ వారసత్వ కట్టడం.

ముందు మృతుల పేర్ల పుస్తకాలు స్మారకం కింద పెడతారు. తర్వాత నీళ్ళు, పూలు. సరిగ్గా 8:15కి మృతుల కుటుంబాల తరఫున ఒక పెద్దవారు, ఒక పిల్లవాడో పిల్లో కలిసి శాంతి గంట కొడతారు. నిమిషం పాటు మౌనం. అదే సమయానికి నగరంలో ట్రాములు కూడా ఆగిపోతాయి, లోపల ఉన్నవాళ్ళు తల వంచుకుంటారు. ఆ తర్వాత మేయర్ శాంతి ప్రకటన చదువుతారు, పావురాలను వదులుతారు. ఆరో తరగతి పిల్లలు ఇద్దరు శాంతి ప్రతిజ్ఞ చెబుతారు. ప్రధాని, అతిథులు మాట్లాడతారు. పాటతో ముగుస్తుంది. మొత్తం గంట లోపే.

వరుస గమనించండి. ముందు మృతులు, తర్వాత నగరం, తర్వాత పిల్లలు. ప్రధాని వంతు ఆ తర్వాతే వస్తుంది. మన దగ్గర ఏ సభయినా ముఖ్య అతిథితో మొదలై ముఖ్య అతిథితోనే ముగుస్తుంది కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

పేర్ల పుస్తకాలు అంటున్నారు, అవేమిటి?

స్మారకం కింద ఒక రాతి పెట్టె ఉంది. బాంబు వల్ల చనిపోయినవారి పేర్లు రాసిన పుస్తకాలు అందులో ఉంటాయి. ఆ రోజు పోయినవాళ్ళ పేర్లతో పాటు, బాంబు బారిన పడి బతికి బయటపడి ఆ తర్వాత ఎన్నేళ్ళకు పోయినా సరే, వాళ్ళ పేర్లు కూడా చేరుస్తారు. గడిచిన ఏడాదిలో పోయినవాళ్ళవి, కొత్తగా నిర్ధారణ అయినవి, ప్రతి పేరూ చేత్తో, కుంచెతో రాస్తారు. ఆ పని చేసినవాళ్ళలో బాంబు బాధితులు కూడా ఉన్నారు. 2024 ఆగస్టు 6 నాటికి 3,44,306 పేర్లు. మరుసటి ఏడాదికి 3,49,246. నాగసాకి జాబితా కూడా 2025లో రెండు లక్షలు దాటింది.

హిరోషిమా పుస్తకాల్లో ఒకదాంట్లో పేర్లే లేవు. పేరు తెలియని అనేకమంది అని మాత్రం రాసి, లోపలి పేజీలన్నీ ఖాళీగా వదిలారు. ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ, ఇరుగుపొరుగూ అంతా ఒకేసారి పోతే వీళ్ళు ఫలానా అని చెప్పేవాళ్ళు ఎవరు మిగులుతారు? ఆ పార్కులోనే ఉన్న మట్టి దిబ్బ కింద అలాంటి సుమారు 70,000 మంది చితాభస్మం ఉంది.

ఏటా మే నెలలో, వానాకాలం రాకముందే, పుస్తకాలన్నీ పెట్టెలోంచి తీస్తారు. స్మారకం ముందు తెల్లటి గుడ్డ పరిచి, తెల్ల గ్లవుజులు వేసుకున్న ఉద్యోగులు ఒక్కో పుస్తకం పేజీలు తిప్పుతూ గాలి తగలనిస్తారు. చెమ్మ పట్టిందా, బూజు పట్టిందా అని చూస్తారు. ఖాళీ పేజీల పుస్తకాన్ని కూడా అలాగే తిప్పుతారు. కెమెరాలన్నీ ఆగస్టులోనే వస్తాయి కానీ, ఈ సభల మనసేమిటో తెలుసుకోవాలంటే మే నెలలో జరిగే ఈ పని చూడాలని నా అభిప్రాయం.

మృతులకు నీళ్ళెందుకు పెడతారు?

దాహంతో పోయారు కాబట్టి. ఒళ్ళంతా కాలినవాళ్ళు నీళ్ళు, నీళ్ళు అంటూ నదుల వైపు నడిచారు. హిరోషిమా నదుల మధ్య ఊరు, చాలామంది ఆ ఒడ్డునే పోయారు. బతికినవాళ్ళు చెప్పే సాక్ష్యాల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ ఈ మాట వస్తుంది. కాలినవాళ్ళకు నీళ్ళిస్తే చచ్చిపోతారని ఆ రోజుల్లో అందరూ నమ్మేవాళ్ళు, అందుకని అడిగినా ఇవ్వలేదు. ఎలాగూ బతకలేదు, గుక్కెడు నీళ్ళైనా పోసి ఉంటే బాగుండేదన్న బాధ చాలామందిని డెబ్భై ఎనభై ఏళ్ళు వదల్లేదు. అందుకే ఆ రోజు ఉదయం నగరంలో వేర్వేరు చోట్ల నుంచి మంచినీళ్ళు తెచ్చి స్మారకం ముందు పెడతారు.

నాగసాకి శాంతి పార్కులో 1969లో కట్టిన ఫౌంటెన్ ఉంది. దాని ముందు రాయి మీద ఒక చిన్నపిల్ల రాసుకున్న మాటలు చెక్కారు. దాహం ఆగలేదని, నీళ్ళ మీద నూనె లాంటిదేదో తేలుతోందని, అయినా తట్టుకోలేక అలాగే తాగేశానని ఆ అమ్మాయి రాసింది.

మీ ఊళ్ళో సభ చేస్తే ఇంకేం చేసినా చేయకపోయినా ఒక చెంబుడు నీళ్ళు పెట్టండి. ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పండి.

నాగసాకి సభ కూడా ఇలాగే ఉంటుందా?

తీరు ఒకటే, తేడా మనిషి గొంతులో. అక్కడ మేయర్ ప్రకటనతో పాటు బాంబు బాధితులలో ఒకరు లేచి శాంతి ప్రతిజ్ఞ చదువుతారు. 2015లో చదివినది సుమితెరు తానిగుచి. పదహారేళ్ళప్పుడు సైకిల్ మీద ఉత్తరాలు పంచుతుండగా, పేలుడు కేంద్రానికి 1.8 కిలోమీటర్ల దూరంలో ఆయన వీపు మొత్తం కాలిపోయింది. ఏడాది తొమ్మిది నెలలు బోర్లా పడుకునే ఉన్నారు. నన్ను చంపెయ్యండి అని నర్సుల్ని బతిమాలుకున్నానని ఆయనే చెప్పేవారు. అలాంటి మనిషి ప్రధాని ఎదురుగా నిలబడి యుద్ధం వైపు ఒక్క అడుగు కూడా వేయొద్దని చెప్పడం వేరు, నాయకులు ప్రసంగించడం వేరు. తానిగుచి 2017లో కన్నుమూశారు.

సభ జరిగేది సెయిబో కితమురా చెక్కిన 9.7 మీటర్ల విగ్రహం ముందు. దాని కుడి చెయ్యి ఆకాశంలోంచి వచ్చే ముప్పును చూపిస్తుంది, ఎడమ చెయ్యి శాంతిని. కళ్ళు మూసుకుని ఉంటాయి.

ఉరకామి జపాన్‌లోని కాథలిక్కులకు పెద్ద కేంద్రం. అక్కడి సుమారు 12,000 మంది విశ్వాసుల్లో 8,500 మంది పోయారని చెబుతారు. చర్చి జంట గంటల్లో ఒకటి శిథిలాల్లోంచి బయటపడింది, రెండోది ముక్కలైంది. అమెరికాలోని కాథలిక్కులు చందాలు వేసుకుని రెండో గంట చేయించి పంపారు. 2025 ఆగస్టు 9న, 80 ఏళ్ళ తర్వాత, రెండు గంటలూ కలిసి మోగాయి.

ఈ ఆనవాయితీ ఎప్పటి నుంచి?

హిరోషిమాలో 1947 ఆగస్టు 6న శాంతి ఉత్సవం పేరుతో మొదలైంది. అప్పటి మేయర్ షింజో హమాయ్ మొదటి శాంతి ప్రకటన చదివారు. అప్పుడు జపాన్ అమెరికా సైన్యం అధీనంలో ఉంది, బాంబు గురించి పత్రికలు రాసేవాటి మీద సెన్సార్ ఉండేది. 1950లో కొరియా యుద్ధం మొదలైన కొద్ది వారాలకే సభను ఉన్నట్టుండి ఆపేయించారు. అంటే శాంతి కోరడం కూడా ఒక్కోసారి నేరంలాగే చూశారు.

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా చేసిన హైడ్రోజన్ బాంబు పరీక్షలో లక్కీ డ్రాగన్ అనే జపాన్ చేపల పడవ మీద రేడియేషన్ నిండిన బూడిద కురిసింది. టోక్యోలోని సుగినామి ప్రాంతపు గృహిణులు మొదలుపెట్టిన సంతకాల సేకరణ దేశమంతా పాకింది. 1955లో హిరోషిమాలో అణ్వాయుధ వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగింది. అప్పటిదాకా బాధను కడుపులో దాచుకున్న బాధితులు మెల్లగా గొంతు విప్పారు. మరుసటి ఏడాది నాగసాకిలో వాళ్ళ సొంత సంఘం నిహోన్ హిడాంక్యో పుట్టింది. 2024 నోబెల్ శాంతి బహుమతి దానికే వచ్చింది. ఓస్లోలో ప్రసంగించిన తెరుమి తనకా పదమూడేళ్ళప్పుడు నాగసాకి బాంబులో అయిదుగురు బంధువుల్ని పోగొట్టుకున్న మనిషి.

హిబాకుషా అంటే ఎవరు? ఇంకా ఎంతమంది ఉన్నారు?

అణుబాంబు బారిన పడి బతికినవాళ్ళను అలా పిలుస్తారు. పేలుడు సమయంలో ఊళ్ళో ఉన్నవాళ్ళే కాక, తర్వాత రెండు వారాల్లో తమవాళ్ళను వెతుక్కుంటూ లోపలికి వెళ్ళినవాళ్ళు, క్షతగాత్రులకు సేవ చేసినవాళ్ళు, అప్పటికి తల్లి కడుపులో ఉన్నవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు. 1957 చట్టం నుంచి వీళ్ళకు ఆరోగ్య గుర్తింపు పుస్తకం ఇస్తున్నారు. 2025 మార్చి చివరికి అలాంటి పుస్తకం ఉన్నవాళ్ళు 99,130 మంది. లక్షకు తగ్గడం అదే మొదటిసారి. సగటు వయసు 86 దాటింది.

బతికినంతకాలం వాళ్ళు జబ్బుతో పాటు మనుషుల భయంతో కూడా వేగారు. పెళ్ళి సంబంధాలు తప్పిపోయేవి, పుట్టబోయే పిల్లలు ఎలా ఉంటారోనన్న టెన్షన్ వెంటాడేది. చాలామంది ఉద్యోగం దగ్గర, అత్తారింట్లో ఈ సంగతి చెప్పకుండానే బతికేశారు.

వాళ్ళంతా పోయాక ఈ కథ ఎవరు చెబుతారు?

హిరోషిమా నగరం 2012లోనే ఈ పని మొదలుపెట్టింది. ఒక్కో బాధితుని జ్ఞాపకాలను ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకుని, ఆయన తరఫున చెప్పేవాళ్ళను తయారు చేస్తున్నారు. ఇందుకు ఏళ్ళ తరబడి శిక్షణ ఉంటుంది. సొంత కల్పన కలపకూడదు, ఏడిపించడానికి పెంచి చెప్పకూడదు. మన దగ్గర స్వాతంత్ర్య సమరయోధుల జ్ఞాపకాలు, తెలంగాణ సాయుధ పోరాటం చూసినవాళ్ళ జ్ఞాపకాలు ఎంతమందితో పాటే మట్టిలో కలిసిపోయాయో తలుచుకుంటే ఈ పని విలువ తెలుస్తుంది.

స్మారకం మీద రాసిన వాక్యం గురించి ఏదో వివాదం ఉందట కదా?

ఉంది, దాంతో ఒక భారతీయుడికి సంబంధం కూడా ఉంది. ప్రశాంతంగా నిద్రపోండి, ఈ తప్పు మళ్ళీ జరగనివ్వం అని ఆ రాతి మీద ఉంటుంది. రాసింది హిరోషిమా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ తదయోషి సైకా, ఆయన కూడా బాధితుడే. టోక్యో యుద్ధనేరాల విచారణలో కూర్చున్న న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ 1952లో అక్కడికి వెళ్ళినప్పుడు, బాంబు వేసింది జపాన్ వాళ్ళు కాదు కదా, మరి వీళ్ళు తప్పు ఒప్పుకోవడం ఏమిటని ఆక్షేపించారు. మనుషులందరి తరఫునా చెప్పిన మాట అది అని సైకా బదులిచ్చారు. నగరం కూడా ఆ అర్థానికే కట్టుబడింది. నా మటుకు సైకా మాటే సరైనది. పాల్ అన్నట్టు రాసి ఉంటే అది ఒక దేశం మరో దేశం మీద చేసే ఫిర్యాదుగా మిగిలిపోయేది.

జపాన్ కూడా యుద్ధంలో ఘోరాలు చేసింది కదా? ఆ మాట ఎత్తరా?

ఎత్తాలి, అక్కడ కొందరు ఎత్తారు కూడా. హిరోషిమా దశాబ్దాల పాటు సైనిక నగరం. 1991 ప్రకటనలో మేయర్ తకషి హిరవోకా జపాన్ వలస పాలన వల్ల, యుద్ధం వల్ల ఆసియా ప్రజలు పడ్డ బాధకు క్షమాపణ చెప్పారు. నాగసాకి మేయర్ హితోషి మొతోషిమా యుద్ధ బాధ్యతలో చక్రవర్తికి కూడా భాగం ఉందన్నందుకు 1990లో ఆయన మీద కాల్పులు జరిగాయి. బతికి బయటపడ్డారు.

బాంబుల్లో పోయినవాళ్ళలో వేలాదిమంది కొరియన్లు ఉన్నారు. చాలామందిని కూలీలుగా, బలవంతాన తెచ్చారు. వాళ్ళ స్మారకాన్ని 1970లో పార్కు బయట కట్టారు. లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. పోయాక కూడా వాళ్ళని గడప బయటే ఉంచారన్నమాట. సభలో ఈ సంగతి చెప్పకుండా దాటేయకండి.

ఆ బాంబులు వేయకపోతే యుద్ధం ఆగేది కాదంటారు?

చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం ఇది. బాంబుల వల్లే లొంగిపోయారనేవాళ్ళూ ఉన్నారు, ఆగస్టు 9న సోవియట్ సైన్యం జపాన్ చేతిలో ఉన్న మంచూరియా (ఈశాన్య చైనా) లోకి దిగడమే అసలు దెబ్బ అనేవాళ్ళూ ఉన్నారు. స్మారక సభ ఈ తగువు తీర్చే చోటు కాదు. కారణం ఏదైనా, ఇళ్ళు కూల్చే పనికి వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్లకి ఆ చావు రాసిపెట్టి ఉండాల్సిందని ఎవరూ అనలేరు.

మన దేశంలో ఈ రోజును పాటిస్తారా?

ఆగస్టు 6 ప్రాంతంలో పార్లమెంటు సమావేశాలు నడుస్తుంటే ఉభయ సభలూ హిరోషిమా, నాగసాకి మృతులకు మౌనంగా నివాళి ఇస్తాయి. నెహ్రూ 1957 అక్టోబరులో హిరోషిమా వెళ్ళారు. 2023 మేలో అక్కడ గాంధీ ప్రతిమ ఆవిష్కరణ జరిగింది.

తెలుగు రాష్ట్రాల్లో ఐప్సో (అఖిల భారత శాంతి, సంఘీభావ సంస్థ), జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు, సైన్స్ టీచర్లు హిరోషిమా దినం జరుపుతుంటారు. స్కూలు పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ తీస్తారు. నాగసాకి రోజు మాత్రం మన దగ్గర దాదాపు ఎవరికీ గుర్తుండదు. ఆగస్టు 9 మనకు క్విట్ ఇండియా రోజు కావడం ఒక కారణం కావచ్చు. అదే రోజు పొద్దున్న 7:32కి ఒక నిమిషం కేటాయిస్తే రెండింటికీ చోటుంటుంది.

మనకూ అణ్వాయుధాలున్నాయి. మరి మనం ఇలాంటి సభ చేయడం సబబేనా?

సబబే. కాకపోతే ఆ నిజాన్ని దాచకుండా చేయాలి. 2025 మొదట్లో ప్రపంచంలో 12,241 అణు వార్‌హెడ్లు ఉన్నాయని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. అందులో దాదాపు 90 శాతం రష్యా, అమెరికాలవే, కొన్ని మనవి. అణ్వాయుధాల నిషేధ ఒప్పందం 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. మనం అందులో లేము. అమెరికా అణు గొడుగు కింద, అంటే దాడి జరిగితే అమెరికా అణ్వాయుధాలు కాపాడతాయన్న భరోసాతో ఉన్న జపాన్ కూడా లేదు. అందుకే ఏటా ప్రధాని ఎదురుగానే మేయర్లు, బాధితులు ఆ ఒప్పందంలోకి రమ్మని అడుగుతుంటారు. సొంత ప్రభుత్వాన్ని అడగడంలో ద్రోహమేమీ లేదని వాళ్ళను చూసి నేర్చుకోవచ్చు. పొరుగు దేశంతో ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఒక బాంబు వేసి పారేస్తే సరి అని టీ కొట్టు దగ్గర, వాట్సాప్‌లో అలవోకగా అనేస్తున్న రోజులివి. ఈ సభ అవసరం మనకే ఎక్కువ.

అణు విద్యుత్తు, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని గురించిన చర్చలు వేరు. అవి ముఖ్యమైనవే, వాటికి వేరే రోజు పెట్టుకోండి.

కాగితపు కొంగలు ఎందుకు మడుస్తారు?

సడాకో ససాకి అనే అమ్మాయి వల్ల. బాంబు పడినప్పుడు రెండేళ్ళది, దెబ్బ కూడా తగల్లేదు. 1955లో లుకేమియా (రక్త క్యాన్సర్) బయటపడింది. వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో ఆసుపత్రిలో మందుల పొట్లాల కాగితాలు కూడా వదలకుండా మడిచింది. ఆ అక్టోబరు 25న, పన్నెండేళ్ళకి పోయింది. వెయ్యి పూర్తి కాకుండానే పోయిందని చాలాచోట్ల చెబుతారు. కుటుంబసభ్యులు మాత్రం వెయ్యి దాటిందనే చెప్పారు, మీరూ అలాగే చెప్పండి. తన క్లాసు పిల్లలు చందాలు పోగుచేయగా 1958లో పిల్లల శాంతి స్మారకం లేచింది. అక్కడికి ఏటా కోటి దాకా కొంగలు, పది టన్నుల బరువు, లోకం నలుమూలల నుంచి వస్తాయి. మీ స్కూలు పిల్లలు మడిచినవి కూడా పోస్టులో హిరోషిమా నగరపాలక సంస్థకు పంపొచ్చు, తీసుకుంటారు.

నీళ్ళలో దీపాలు వదలడం?

ఆగస్టు 6 సాయంత్రం గోపురం పక్కనున్న మొతోయాసు నదిలో రంగు కాగితం చుట్టిన దీపాలు వదులుతారు. పోయినవారి ఆత్మలను సాగనంపే బౌద్ధ ఆచారం నుంచి వచ్చింది. మనం కార్తీకంలో అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం కాబట్టి మనకిది చప్పున అర్థమవుతుంది. ప్లాస్టిక్ దీపాలు కొని చెరువులో మాత్రం వదలకండి. పెద్ద గంగాళంలో నాలుగు దొప్ప దీపాలు చాలు.

మా స్కూల్లో చేయాలంటే ఎలా?

పీరియడ్ అంత టైం చాలు. ఏం జరిగిందో ఒక టీచరు అయిదు నిమిషాల్లో చెప్పాలి. ఒక బాధితుని సాక్ష్యం తెలుగులో ఒక విద్యార్థి చదవాలి. రెండు నగరాల మ్యూజియంలూ ఇంగ్లీషులో బోలెడు సాక్ష్యాలు పెట్టాయి. వారం ముందు తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చి అనువాదం చేయించండి, అదే సగం పాఠం. నీళ్ళు పెట్టి, గంట కొట్టి, నిమిషం మౌనం. ఆ నిమిషంలో మైకు, ఫోన్లు, ఫోటోలు ఏవీ ఉండకూడదు. చివర్లో పిల్లలు ప్రధానికో, స్థానిక ఎంపీకో తలా ఒక పోస్టుకార్డు తమ మాటల్లో రాయాలి. ఇది మానేస్తే అడగడమనే సగం ఎగిరిపోతుంది.

టపాసు కాల్చి పేలుడు చూపించడం, పుట్టగొడుగు మేఘం వేషాలు, ఏదో ఒక దేశం మీద నినాదాలు వద్దు. ఆలస్యంగా వచ్చే అతిథి కోసం పిల్లల్ని ఎండలో నిలబెట్టడం అంతకన్నా వద్దు.

చిన్నపిల్లలకు ఎంతవరకు చెప్పొచ్చు?

అయిదో తరగతి లోపు వాళ్ళకు సడాకో కథ, నీళ్ళ సంగతి చాలు. కాలిన శరీరాల ఫోటోలు హైస్కూలుకు వచ్చాకే, అదీ ముందుగా చెప్పి. చూడలేనన్న పిల్లని బలవంతపెట్టకండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళొచ్చు?

సియాటిల్‌లో గ్రీన్ లేక్ ఒడ్డున 1984 నుంచి ఏటా ఆగస్టు 6 సాయంత్రం దీపాలు వదులుతున్నారు. అమెరికాలో దీన్ని చూసి తీరాలని చెబుతాను, బాంబు వేసిన దేశపు పౌరులే చేస్తున్నారు కాబట్టి. లండన్‌లో టావిస్టాక్ స్క్వేర్‌లో హిరోషిమా మృతుల గుర్తుగా 1967లో నాటిన చెర్రీ చెట్టు దగ్గర సభ జరుగుతుంది. అదే తోట మధ్యలో గాంధీ విగ్రహం ఉంది. మీ ఊళ్ళో ఏమీ లేకపోతే మేయర్స్ ఫర్ పీస్ జాబితాలో మీ నగరం ఉందేమో చూడండి. హిరోషిమా మేయర్ పిలుపుతో 1982లో మొదలైన ఈ కూటమిలో ఇప్పుడు 8,000కు పైగా నగరాలున్నాయి. ఉంటే నగర కార్యాలయానికి ఒక మెయిల్ పెట్టి ఆగస్టులో ఏం చేస్తున్నారని అడగండి.

నేరుగా హిరోషిమా వెళ్ళి సభ చూడొచ్చా?

చూడొచ్చు. హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి ముందుగా బుక్ చేసుకోండి. ఈమధ్య భద్రత పెంచారు. తెల్లవారుజాము నుంచే పార్కులోకి వెళ్ళే దారులు పరిమితం చేసి బ్యాగులు తనిఖీ చేస్తున్నారు, ప్లకార్డుల మీద కూడా ఆంక్షలున్నాయి. ఆగస్టు ఎండ, ఉక్క మన కోస్తా జిల్లాల్లో లాగే ఉంటాయి, నీళ్ళ సీసా, టోపీ మర్చిపోకండి. మ్యూజియం ఆ రోజు కిటకిటలాడుతుంది. వీలైతే మర్నాడు వెళ్ళి తీరిగ్గా చూడండి.